గోడ అవతలి చెవి

బుల్లెట్‌కు సైలెన్సర్ కొనేటప్పుడు నడిపేవాడికి ఎలా వినబడుతుందో చూస్తాం. లోపల పడుకున్నవాడికి ఎలా వినబడుతుందో ఎవరు చూడాలి?

సూరత్‌లోని పర్వత్ పాటియాలో పగలేదో రాత్రేదో గడియారం చూసి చెప్పడం కష్టం. ఉదయం ఏడున్నరకు మా సొసైటీ వీధిలో నడిస్తే సగం ఇళ్లలో పిల్లలు బడికి తయారవుతుంటారు. మిగతా సగం ఇళ్లలో కిటికీలకు పాత చీరలు అడ్డం కట్టి ఉంటాయి. రాత్రంతా పన్నెండు గంటలు మరమగ్గాల మధ్య నిలబడి వచ్చినవాళ్లు ఆ చీరల వెనక అప్పుడే నడుం వాలుస్తుంటారు. మధ్యాహ్నం ఒంటిగంట వాళ్లకు అర్ధరాత్రితో సమానం.

మాది తెలుగు వీధి అనే చెప్పవచ్చు. నేత పని వెతుక్కుంటూ తెలంగాణ జిల్లాల నుంచి వచ్చిన పద్మశాలి కుటుంబాలు లింబాయత్, పర్వత్ పాటియా, ఉధ్నా ప్రాంతాల్లో దశాబ్దాల కిందటే స్థిరపడ్డాయి. సూరత్ కార్పొరేషన్ నడిపే బడుల్లో గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియాలతోపాటు తెలుగు మాధ్యమం కూడా ఉందంటే మావాళ్లు ఎంతమంది ఉన్నారో ఊహించుకోవచ్చు. మా బాపు సిరిసిల్ల నుంచి వచ్చాడు. ముప్ఫై రెండేళ్లు సాంచాలు నడిపాడు. మరమగ్గాన్ని మావాళ్లు సాంచా అనే అంటారు. నేను బట్టల మార్కెట్లో లెక్కలు రాస్తాను. మా అక్క కొడుకు ఆన్‌లైన్‌లో చీరలు అమ్మే ఒక సంస్థ గోదాములో పనిచేస్తాడు. మూడు తరాలుగా మేం పాలిస్టర్ చీర చుట్టూనే తిరుగుతున్నాం. శబ్దంతో మాత్రం ముగ్గురివీ మూడు రకాల సంబంధాలు. ఒక సైలెన్సర్ కొనాల్సి వచ్చినప్పుడు ఆ సంగతి బయటపడింది.

మేనల్లుడి బండి 2014 మోడల్ బుల్లెట్, క్లాసిక్ 350. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. వానాకాలంలో ఖాడీ పొంగి మా వైపు వీధుల్లో నీళ్లు నిలవడం కొత్తేమీ కాదు. ఆ నీళ్లలో రెండు రోజులు నానిన బండికి సైలెన్సర్ అడుగున తుప్పు పట్టి చిల్లు పడింది. అతుకు వేయిస్తే నిలవలేదు. ‘‘మామా, ఎట్లనన్న కొత్తది కొనుడే గద. జర మంచి సౌండున్నది తీస్కుందాం’’ అన్నాడు వాడు. నన్ను వెంట తీసుకెళ్లింది బేరమాడటానికి. కానీ ఆ ‘మంచి సౌండు’ అన్న మాట దగ్గరే నాకు పని తగిలింది.

బుల్లెట్ మీద మనవాళ్లకున్న మోజులో సగం దాని చప్పుడు మీదే. ఆ చప్పుడు వెనక పెద్ద రహస్యమేమీ లేదు. అది ఒకే సిలిండర్ ఉన్న నాలుగు స్ట్రోకుల ఇంజన్. క్రాంకు రెండు చుట్లు తిరిగితే ఒకసారి పెట్రోలు మండుతుంది. బండి ఆగి ఉండగా ఇంజన్ నిమిషానికి వెయ్యి చుట్లు తిరుగుతుంటే 500 సార్లు, అంటే సెకనుకు ఎనిమిది సార్లు మండుతుందన్నమాట. సెకనుకు ఇరవైకి లోపు ఉన్న దెబ్బలను చెవి విడివిడిగా పట్టుకోగలదు. అందుకే అది ‘డుగ్ డుగ్’మని వినబడుతుంది. అదే ఇంజన్ 4 వేల చుట్లకు చేరితే దెబ్బలు సెకనుకు 33 అవుతాయి. అవన్నీ కలిసిపోయి ఒకే హోరుగా మారతాయి. అంటే బుల్లెట్ ప్రియులు ముచ్చటపడే ఆ లయ నెమ్మదిగా తిరిగే ఇంజన్ది. సైలెన్సర్ మార్చి చప్పుడు పెంచితే లయ పెరగదు, హోరు పెరుగుతుంది. ఈ మాట దుకాణానికి వెళ్లే దారిలోనే వాడికి చెప్పాను. ‘‘నువ్వు లెక్కలు రాసేటోనివి మామా’’ అని నవ్వి ఊరుకున్నాడు.

ఉధ్నా వైపు వెళ్లే దారిలో ఉంది ఆ విడిభాగాల దుకాణం. గోడకు వేలాడుతున్న సైలెన్సర్ల పేర్లు వింటే అదొక వేరే లోకమనిపిస్తుంది. షార్ట్ బాటిల్, లాంగ్ బాటిల్, గోల్డ్‌స్టార్, మెగాఫోన్, డాల్ఫిన్, ఇందోరి. కొన్నింటికి లోపల జాలీ ఉంటుంది. కొన్నింటికి ఒక స్క్రూ విప్పితే ఆ జాలీ బయటికొచ్చేస్తుంది. కొన్నింటికి అసలే ఉండదు, ఖాళీ గొట్టమే.

సిలిండర్లోంచి బయటపడే వాయువు ఒక్క ఉదుటున గాలిని కొడుతుంది. ఆ దెబ్బ జోరు తగ్గించడమే సైలెన్సర్ పని. కంపెనీ వాళ్లు బిగించి ఇచ్చే దాంట్లో రెండు మూడు గదులు, వాటిని కలిపే గొట్టాలు, చిల్లుల రేకులు ఉంటాయి. వాయువు ఒక గదిలోంచి మరో గదిలోకి మలుపులు తిరిగి వెళ్తుంటే శబ్ద తరంగాలు గోడలకు తగిలి వెనక్కి వచ్చి ఒకదాన్నొకటి అణచుకుంటాయి. రెండో రకంలో చిల్లుల గొట్టం చుట్టూ గ్లాస్ ఊల్ కూరుతారు. అది సన్నటి కీచు శబ్దాలను బాగా పీల్చుకుంటుంది. బరువైన మూల శబ్దాన్ని మాత్రం పెద్దగా ఆపలేదు. పైగా ఆ ఊల్ వేడికి మాడి, విడిపోయి, కొంతకాలానికి పొగతోపాటు బయటికి పోతుంది. కొన్న రోజున విన్న చప్పుడు ఏడాది తర్వాత అలాగే ఉండదు, పెరుగుతుంది.

దుకాణదారు మంచి మాటకారి. ‘‘ఇది 95 డెసిబెల్సే, పూర్తిగా లీగల్’’ అంటూ గోల్డ్‌స్టార్ రకం ఒకటి చేతికిచ్చాడు. ఎంత దూరంలో కొలిచారని అడిగాను. ఆ ప్రశ్న ఆయనను ఇంతవరకు ఎవరూ అడిగినట్టు లేదు.

శబ్దం సంఖ్యకు దూరం చెప్పకపోతే అర్థం లేదు. ఆగి ఉన్న బండిని కొలిచేటప్పుడు మైకును సైలెన్సర్ నోటికి అర మీటరు దూరంలో, పక్కకు వాలుగా పెడతారు. రోడ్డు మీద వెళ్లే బండిని కొలిచేటప్పుడు మైకు బండి నడిచే గీతకు ఏడున్నర మీటర్ల దూరంలో ఉంటుంది. బండి యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి దాని ముందు నుంచి దూసుకెళ్లాలి. ఆరుబయట దూరం రెట్టింపైనప్పుడల్లా దాదాపు 6 డెసిబెల్స్ తగ్గుతాయి కాబట్టి ఈ రెండు దూరాల మధ్యే 23 డెసిబెల్స్ తేడా వస్తుంది. ఇంజన్ వేగం కూడా రెండింటిలో ఒకటి కాదు. కాబట్టి పెట్టె మీది అంకెను చట్టంలోని అంకె పక్కన పెట్టి ఇది ఎక్కువ, ఇది తక్కువ అనడానికి వీల్లేదు.

ఇక డెసిబెల్ లెక్క మామూలు కూడికల లెక్క కాదు. 3 పెరిగితే శబ్ద శక్తి రెట్టింపవుతుంది. 10 పెరిగితే శక్తి పది రెట్లవుతుంది, చెవికి దాదాపు రెట్టింపు గట్టిగా వినబడుతుంది. 80కి 90కి తేడా నూటికి పన్నెండు పాళ్లేగా అనుకుంటే లెక్క తప్పినట్టే.

మరి చట్టంలోని అంకె ఎంత? మన దేశంలో 2005 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన ప్రమాణాల ప్రకారం ఏడున్నర మీటర్ల దగ్గర 80 సీసీ వరకు ఉన్న ద్విచక్ర వాహనాలకు 75 డెసిబెల్స్, 175 సీసీ వరకు 77, అంతకు మించితే 80. మా అల్లుడి బండి 346 సీసీ కాబట్టి దానికి 80. కంపెనీ ఆ పరీక్ష నెగ్గాకే బండి రోడ్డెక్కుతుంది. ఆ తర్వాత సైలెన్సర్ మార్చి ఆ హద్దు దాటితే మోటారు వాహనాల చట్టం 190(2) సెక్షన్ కింద నేరం. 2019 సవరణ తర్వాత దీనికి మూడు నెలల వరకు జైలు, 10 వేల రూపాయల వరకు జరిమానా, మూడు నెలలు లైసెన్సుకు అనర్హత దాకా రాసి ఉంది. అక్కడికక్కడే కట్టే రుసుము రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. అనుమతి లేని మార్పులు చేయించిన యజమానికి 182ఎ సెక్షన్ వేరుగా ఉంది. కంపెనీ ఇచ్చిన నమూనాకు విరుద్ధంగా బండిని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో చెప్పింది కూడా. ఇటీవలి సంవత్సరాల్లో విశాఖపట్నంతో సహా పలు నగరాల్లో పోలీసులు జప్తు చేసిన సైలెన్సర్లను నడిరోడ్డు మీద పరిచి రోలరుతో తొక్కించిన దృశ్యాలు టీవీల్లో చాలామంది చూసే ఉంటారు.

ఇది మన దగ్గరే ఉన్న తగువు కాదు. ఆస్ట్రియాలోని టైరోల్ రాష్ట్రం 2020 వేసవిలో రాయిటె జిల్లాలోని కొన్ని కొండదారుల్లో, ఆగి ఉండగా 95 డెసిబెల్స్ మించి చప్పుడు చేసే మోటార్ సైకిళ్లను అడుగుపెట్టనివ్వలేదు. కంపెనీ నుంచి అలాగే వచ్చిన బండి అయినా సరే, రిజిస్ట్రేషన్ పత్రంలో అంకె ఎక్కువుంటే వెనక్కి వెళ్లాల్సిందే. మరోవైపు అమెరికాలో హార్లీ డేవిడ్సన్ తన ఇంజన్ చప్పుడునే ట్రేడ్‌మార్కుగా నమోదు చేయమని 1994లో దరఖాస్తు పెట్టింది. పోటీ కంపెనీలు అభ్యంతరం చెప్పడంతో ఏళ్ల తరబడి నలిగి, చివరికి 2000లో దాన్ని ఉపసంహరించుకుంది. చప్పుడు ఒకరికి ఆస్తి, ఇంకొకరికి బాధ. మధ్యలో గీత ఎక్కడ గీయాలన్నదే అందరికీ చిక్కు.

మా అల్లుడి దగ్గర ఇంకో వాదన ఉంది. ‘‘చప్పుడుంటేనే లారీవాడు జరుగుతడు మామా. పానాలకు మంచిది.’’ ఈ మాట ప్రపంచమంతటా మోటార్ సైకిల్ నడిపేవాళ్ల నోట వినబడుతుంది. కానీ సైలెన్సర్ నోరు వెనక్కి తిరిగి ఉంటుంది. శబ్దం ఎక్కువగా వెళ్లేది మనం దాటి వచ్చిన వాళ్ల వైపు. ప్రమాదం మాత్రం చాలాసార్లు ముందు నుంచో పక్క సందులోంచో వస్తుంది. అద్దాలు ఎత్తి, ఏసీ వేసుకుని, పాటలు పెట్టుకున్న కారు డ్రైవరుకు ఆ చప్పుడు చేరేసరికి బండి పక్కకే వచ్చేసి ఉంటుంది. ప్రాణానికి హెల్మెట్, బ్రేకులు, వెలిగే హెడ్‌లైటు మేలు.

దుకాణదారు చివరికి ఒక దారి చూపించాడు. గోల్డ్‌స్టార్ బిగించి ఇస్తాను, ఇంటికి తీసుకెళ్లి చూడండి, నచ్చకపోతే రేపు తెచ్చివ్వండి అన్నాడు. అలా ఆ బండి ఒక ఆదివారం మధ్యాహ్నం మా వీధిలోకి వచ్చింది.

బాపు మొదటి అంతస్తు వరండాలో కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నాడు. వీధిలో ఏ చప్పుడైనా ఎవరో ఒకరు చెబితే తప్ప ఆయనకు తెలియక చాలా ఏళ్లయింది. ఆ రోజు మాత్రం బండి మలుపు తిరగ్గానే తల తిప్పాడు. కుర్చీలోంచి లేచి కమ్మీ పట్టుకుని కిందికి చూశాడు. ‘‘ఏం బండిరా అది? ముద్దుగ ఇనవడుతాంది’’ అన్నాడు. వాడి ముఖం వెలిగిపోయింది. ‘‘సూశినవా మామా, తాత పాసు చేసిండు’’ అన్నాడు. మా అక్క కళ్లు తుడుచుకుంది. తండ్రి అంత సంతోషంగా ఒక శబ్దాన్ని వినడం చూసి ఆమెకూ ఎన్నాళ్లో అయింది.

ఆ క్షణంలో డెసిబెల్ లెక్కలు మాట్లాడటం ఎవరికైనా కష్టమే. కానీ బాపుకు ఆ చప్పుడు ఎందుకు వినబడిందో తెలిస్తేనే అది ఎందుకు వద్దో తెలుస్తుంది.

షటిల్ సాంచాలో కర్ర ఒకటి షటిల్‌ను కొడుతుంది. షటిల్ పరుగెత్తి అవతలి పెట్టెకు కొట్టుకుని ఆగుతుంది. మళ్లీ అటు నుంచి దెబ్బ. నిమిషానికి నూటికి పైగా ఇలాంటి దెబ్బలు, అలాంటి సాంచాలు ఒకే రేకుల షెడ్డులో పదుల సంఖ్యలో. 90 డెసిబెల్స్ దాటడం అక్కడ మామూలు. రోజుకు ఎనిమిది గంటల పనికి మన ఫ్యాక్టరీ నియమాలు గీసిన గరిష్ఠ హద్దు 90. బాపు నిలబడింది పన్నెండు గంటలు. శబ్దం వల్ల వచ్చే వినికిడి లోపాన్ని అప్పటి ఫ్యాక్టరీల చట్టం వృత్తి రోగాల జాబితాలో చేర్చింది. బాపు పనిచేసిన కార్ఖానాల్లో మాత్రం చెవిలో పెట్టుకోవడానికి దూది కూడా ఎవరూ ఇవ్వలేదు.

లోపలి చెవిలో సన్నటి రోమ కణాలు సుమారు పదిహేను వేలు ఉంటాయి. ఒకసారి చచ్చినవి మనిషికి మళ్లీ మొలవవు. పెద్ద శబ్దానికి మొదట పోయేవి సన్నటి, ఎత్తయిన స్వరాలను పట్టే కణాలు, ముఖ్యంగా 4 వేల హెర్ట్జ్ దగ్గరివి. మనం మాట్లాడేటప్పుడు అచ్చులు కింది స్వరాల్లో ఉంటాయి. స, శ, చ, త లాంటి హల్లుల పదునంతా పై స్వరాల్లో ఉంటుంది. అందుకే బాపుకు మనం పిలిచినట్టు తెలుస్తుంది గానీ ఏమన్నామో తెలియదు. ‘‘చారు’’ అంటే ‘‘ఆరా?’’ అంటాడు. పెదవులు చూస్తే అర్థం చేసుకుంటాడు. సాంచాల మధ్య పనిచేసే వాళ్లందరికీ పెదవులు చదవడం వచ్చేస్తుంది. బుల్లెట్ దెబ్బ కింది స్వరాల్లోది. ఆ భాగం ఆయన చెవిలో ఇంకా బతికే ఉంది. మనవడి మాట వినబడని చెవికి మనవడి బండి వినబడింది.

అయితే ఆ కింది స్వరాలకే ఇంకో గుణం ఉంది. గోడలు, తలుపులు సన్నటి శబ్దాన్ని బాగా ఆపుతాయి. బరువైన శబ్దాన్ని అంతగా ఆపలేవు. పక్క వీధిలో పెళ్లి ఊరేగింపు వెళ్తుంటే పాట మాటలు మన గదిలోకి రావు, డ్రమ్ము దెబ్బ వస్తుంది. ఇదీ అంతే. పైగా చట్టం వాడే డెసిబెల్ కొలత చెవి సామాన్యంగా వినే తీరును అనుసరించి కింది స్వరాలకు తక్కువ విలువ కడుతుంది. 63 హెర్ట్జ్ దగ్గర ఏకంగా 26 డెసిబెల్స్ తగ్గించి లెక్కిస్తుంది. కాబట్టి మీటరు మీద సాధారణంగా కనబడే చప్పుడు కూడా తలుపు మూసిన గదిలో గుండె మీద తట్టినట్టు తెలుస్తుంది.

ఆ తలుపు మూసిన గదులు మా ఇంటి కిందే ఉన్నాయి. ఒడిశాలోని గంజాం నుంచి వచ్చిన ఆరుగురు కార్మికులు రెండు గదులు అద్దెకు తీసుకున్నారు. ముగ్గురు పగటి షిఫ్టు, ముగ్గురు రాత్రి షిఫ్టు. ఒకే చాప మీద పగలొకరు, రాత్రొకరు పడుకుంటారు. సూరత్‌లో ఇది వింతేమీ కాదు. బండి గేటు ముందు ఆగినప్పుడు వాళ్ల కిటికీకి, సైలెన్సర్‌కు మధ్య రెండు మీటర్లు ఉంటే గొప్ప. ఏడున్నర మీటర్ల దగ్గర 80 ఉండే చప్పుడు రెండు మీటర్ల దగ్గర 90 దాటుతుంది. ఇరుకు వీధిలో ఎదురు గోడ నుంచి తిరిగొచ్చేది దీనికి అదనం. అది కూడా సక్రమమైన సైలెన్సర్ సంగతే.

ఆ సాయంత్రం వాళ్లలో ఒకతన్ని అడిగాను, మధ్యాహ్నం నిద్ర పట్టిందా అని. కళ్లు ఎర్రగా ఉన్నాయి. నవ్వి ‘‘చల్తా హై’’ అన్నాడు. అద్దెకుండేవాడు ఇంటివాళ్ల పిల్లాడి బండి మీద ఏం ఫిర్యాదు చేస్తాడు? చట్టం కూడా అతని పక్షాన గట్టిగా లేదు. 2000 నాటి శబ్ద కాలుష్య నియంత్రణ నియమాలు నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ అన్నాయి. రాత్రంటే పదింటి నుంచి ఉదయం ఆరింటి దాకా. ఆ ఎనిమిది గంటలూ అతను సాంచాల దగ్గర ఉంటాడు. అతను నిద్రపోయే వేళను చట్టం పగలు అంటుంది. వినడం ఇష్టం లేనివాడి చెవిలో శబ్దాన్ని బలవంతంగా జొప్పించే హక్కు ఎవరికీ లేదని 2005 జూలైలో సుప్రీంకోర్టు చెప్పినప్పుడు, మనిషి తన ఇంట్లో ప్రశాంతంగా ఉండటాన్ని జీవించే హక్కులో భాగంగా చూసింది. ఆ మాటకు గడియారం లేదు. మాలాంటి వీధుల్లో దాన్ని గుర్తుంచుకోవాల్సింది పోలీసుల కంటే ముందు పక్కింటివాళ్లు.

రాత్రి భోజనాల దగ్గర ఇదంతా చెబుతుంటే అల్లుడు ఒప్పుకోలేదు. ‘‘గిన్నేండ్లకు తాతకు ఒక్క సౌండు ఇనవడ్డది. గదన్న ఉండనియ్యరాదు మామా’’ అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. జవాబు చెప్పింది బాపే. మా పెదవులు చూస్తూ మాటలు పోల్చుకున్నాడు. కింది గదుల వైపు వేలు చూపించి, ‘‘వాళ్లు పండుకున్నప్పుడు వచ్చినవా?’’ అని మనవడిని అడిగాడు. వాడు తల ఊపాడు.

బాపు కాసేపు ఊరుకుని చెప్పాడు. ఆయన నైట్ డ్యూటీలో ఉన్న రోజుల్లో మా అమ్మ పగటిపూట స్టీలు గిన్నెలు తోమేది కాదట. మమ్మల్ని బయటికి తోలి తలుపు వేసేదట. కుక్కర్ కూత పెట్టకముందే మూత మీది బరువు ఎత్తేదట. ‘‘మీ అమ్మమ్మ పెండ్లయిన కాంచి పగటిపూట గట్టిగ నవ్వలేదు బిడ్డా. పగటి నిద్ర దొంగ నిద్ర. ఒక్కపారి పోయిందంటె మల్ల రాదు. నిద్ర లేని కండ్లతోని సాంచ కాడ నిలవడితె ఏలు పోతది’’ అన్నాడు. ఆయన కుడిచేతి చూపుడు వేలికి పై కణుపు లేదు. ఆ వేలు ఏ పగలు నిద్ర చెడినందువల్ల పోయిందో మాకు ఎప్పుడూ చెప్పలేదు. ఆ రాత్రి కూడా చెప్పలేదు.

మర్నాడు గోల్డ్‌స్టార్ తిరిగి దుకాణానికి వెళ్లింది. ఆ మోడల్‌కు కంపెనీవాళ్లు అమ్మే అసలు సైలెన్సర్, దాంతోపాటు బెండ్ పైపు దగ్గర కొత్త గాస్కెట్ కొన్నాం. మెకానిక్ ఇంకో సంగతి చెప్పాడు. మాది కార్బురేటర్ బండి. పొగకు దారి మరీ సులువైతే పెట్రోలు పాలు తగ్గి ఇంజన్ వేడెక్కుతుంది, జెట్లు మార్చాల్సి వస్తుంది, వదిలినప్పుడు టపటపా పేలుతుంది. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 బండ్లయితే పొగను శుద్ధి చేసే కెటలిటిక్ కన్వర్టర్, ఆక్సిజన్ సెన్సర్ కూడా ఆ గొట్టం దారిలోనే ఉంటాయి. వాటిని పీకి గొట్టం మారిస్తే చప్పుడుతోపాటు విషం కూడా పెరుగుతుంది.

సైలెన్సర్ కొనబోయేవాళ్లు నన్ను అడిగితే నాలుగు మాటలు చెబుతాను. పెట్టె మీది అంకె ఎంత దూరంలో, ఏ వేగంలో కొలిచిందో అడగండి. జవాబు రాకపోతే ఆ అంకెను మరిచిపోండి. మీ మోడల్‌కు పరీక్ష నెగ్గిన సైలెన్సర్ అయితేనే తీసుకోండి. జాలీ విప్పడానికి స్క్రూ ఉన్న దాన్ని కొనకండి, ఎందుకంటే ఏదో ఒక రోజు ఎవరో ఒకరు విప్పుతారు. అన్నిటికంటే ముఖ్యంగా, దుకాణం ముందు రోడ్డు మీద నిలబడి వినకండి. అక్కడ లారీల హోరులో ఏదైనా మెత్తగానే ఉంటుంది. బండిని వేరేవాళ్లకిచ్చి వీధిలో నడపమనండి. మీరు ఇంట్లోకి వెళ్లి, తలుపు వేసి, చాప మీద పడుకుని వినండి. నిద్రలో ఉన్నవాడికి అది తెలుస్తుందనిపిస్తే ఆ సైలెన్సర్ మీ వీధికి ఎక్కువ. ఫోన్లోని శబ్దం కొలిచే యాప్‌ కంటే ఈ పరీక్ష నమ్మదగింది.

బాపుకు శబ్దాన్ని ఎంచుకునే అవకాశం ఎవరూ ఇవ్వలేదు. కూలి కావాలంటే షెడ్డులోకి వెళ్లాలి, షెడ్డులోకి వెళ్తే చెవులు వదులుకోవాలి. ఈ రోజుకీ ఈ ఊళ్లో చాలామందిది అదే పరిస్థితి. షటిల్ లేని కొత్త యంత్రాలు వస్తున్నాయి గానీ వాటి పక్కన నిలబడి మాట్లాడుకోవాలన్నా అరవాల్సిందే. నా అల్లుడికి మాత్రం ఎంచుకునే అవకాశం వచ్చింది. ఎన్ని డెసిబెల్స్ అన్న ప్రశ్న వాడు ఒక దుకాణంలో నిలబడి తీరిగ్గా అడగగలిగాడు.

కొత్త సైలెన్సర్‌తో బండి వచ్చినా బాపుకు వినబడదు. ఆ సంగతి వాడికి ఇంకా కొంచెం కష్టంగానే ఉంది. సెలవు రోజున మధ్యాహ్నం వస్తే వీధి మలుపులోనే ఇంజన్ ఆపేస్తాడు. బండి ఉన్న ఊపుతోనే గేటు దాకా వస్తుంది, చివరి పది గజాలు దిగి తోస్తాడు. దాదాపు రెండు క్వింటాళ్ల బండి. తర్వాత మెట్లెక్కి బాపు ఎదురుగా వచ్చి నిలబడి, పెదవులు కనబడేలా ‘‘వచ్చిన తాతా’’ అంటాడు.